శుక్రవారం సీసాలు

నాకు జనగామలో ఇల్లు, మహబూబాబాద్ జిల్లాలో సగం పని, భూపాలపల్లిలో మిగతా సగం. ఈ మూడు ఊళ్ల మధ్య తిరుగుతూనే నా నలభైలు గడిచిపోయాయి. ఏం పని అని అడిగితే మొదట్లో ఉత్సాహంగా చెప్పేదాన్ని, పశువులను పట్టే పిడుదుల మీద పరిశోధన అని. మా వైపు వాటిని గోమార్లు అంటారు. బర్రె చెవి వెనక, పొదుగు సందుల్లో, తోక కింద అతుక్కుని నెత్తురు తాగేవి. అవి ఎన్ని రకాలు, ఏ రకం ఏ జంతువును పడుతుంది, ఎక్కడ దాక్కుంటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది అన్నది తేల్చడమే నా పీహెచ్‌డీ. విన్నవాళ్లు ముఖం అదోలా పెట్టి, దానికి కూడా డాక్టరేట్ ఇస్తారా అనేవాళ్లు. కొన్నేళ్లు పోయాక నేనే "ఏదో పురుగుల మీద" అని ఊరుకోవడం నేర్చుకున్నాను. నిజానికి పిడుదు పురుగు కాదు. పురుగుకు ఆరు కాళ్లు, పెరిగిన పిడుదుకు ఎనిమిది. సాలీడుకు, తేలుకు, మిరపతోటలో ఆకును కిందికి ముడిచే నల్లికి ఇది చుట్టం. ఈ సంగతి బస్సుల్లో, పెళ్లిళ్లలో, స్టాఫ్ రూములో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద జువాలజీ చెప్పేదాన్ని. ఇప్పటికీ చెబుతున్నాను, ఇప్పటికీ కాంట్రాక్టే. పీహెచ్‌డీ ఉంటే పర్మనెంటు పోస్టుకు అర్హత వస్తుందని ఆశ. పార్ట్‌టైములో రిజిస్టర్ చేయించుకున్నాను. గడువు అయిపోయింది, పొడిగించారు. మళ్లీ అయిపోయింది, మళ్లీ పొడిగించారు. మూడోసారి వచ్చిన ఉత్తరంలో ఇదే చివరి పొడిగింపు, ఈలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అని రాసి ఉంది. ఆ ఉత్తరాన్ని మైక్రోస్కోపు డబ్బాలో పెట్టుకున్నాను. డబ్బా తెరిచినప్పుడల్లా అదే ముందు కనబడేది.

థీసిస్‌లో నాలుగు అధ్యాయాలు. మొదటిది జనగామ చుట్టుపక్కల ఆవుల మీద. రెండోది భూపాలపల్లి అడవి అంచున మేసే మేకల మీద. దానికోసం ఆదివారాలు హన్మకొండలో బస్సు మారి, బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ పోయేదాన్ని. మూడోది గార్ల దగ్గరి తండాల బర్రెల మీద. ఈ మూడింటిలో కొత్త సంగతి ఏమీ లేదు. పుస్తకాల్లో ఉన్నదే మా జిల్లాల్లోనూ ఉందని తేలింది. మా గైడు వాటిని చదివి, శ్రద్ధగా చేశావమ్మా అన్నారు. పరిశోధనలో శ్రద్ధగా చేశావు అంటే చెప్పుకోవడానికి ఏమీ లేదని అర్థం. నా ఆశంతా నాలుగో అధ్యాయం మీదే. ఆ అధ్యాయం నాకు ఒకే ఒక్క ఇంటి నుంచి వచ్చింది.

ఆ ఇల్లు గార్ల స్టేషనులో దిగి ఆటోలో కొంత దూరం, ఆపైన నడిచి కొంత దూరం పోతే వచ్చే తండాలో చివరిది. ఒక పెద్దావిడ, ఒక బర్రె, ఒక కుక్క. ఆవిడ కొడుకూ కోడలూ పనికోసం వేరే ఊరికి పోయారు. పండగకు వస్తారు, పోతారు. ఆవిడ వాళ్లతో ఫోన్లో తన ఇంటి భాషలో మాట్లాడేది, నాతో తెలుగులో. నేను అవ్వా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. తండాలో మిగతా ఇళ్లవాళ్లు నన్ను గోమార్ల మేడం అని పిలిచి నవ్వుకునేవాళ్లు. ఆమె ఎప్పుడూ నవ్వలేదు. బర్రెను పట్టిన గోమార్లను ఒక మనిషి రైలెక్కి వచ్చి పట్టుకుపోతుంటే మంచిదే కదా అనుకున్నదేమో.

శుక్రవారం నాకు కాలేజీలో క్లాసులు ఉండేవి కావు. అందుకని అదే నా తండా రోజు అయింది. కాజీపేటలో రైలు మారి నేను చేరేసరికి ఎండ ఎక్కేది, బర్రెలు మేతకు పోయి ఉండేవి. ఉన్నా నన్ను దగ్గరికి రానిచ్చేవి కావు. ఒకసారి అవ్వ బర్రె నా మోకాలి మీద తన్నితే మెట్లు ఎక్కలేక వారం రోజులు కాలేజీలో కిందనే క్లాసు చెప్పాను. అందుకని ఇంటింటికీ చిన్న సీసాలు ఇచ్చి, నేను వచ్చే రోజు పొద్దున పాలు పితికేటప్పుడే తీసి పెట్టమని చెప్పాను. ముందురోజు తీసినవి వద్దని మరీ మరీ చెప్పాను. నాకు ప్రాణంతో ఉన్నవి కావాలి, ఆడవాటిని గాజు గొట్టాల్లో ఉంచి గుడ్లు పెట్టించాలి. నేను పోయి సీసాలు తీసుకుని, ప్రతి దాన్లో ఒక చీటీ వేసేదాన్ని. ఏ ఊరు, ఏ రోజు, ఏ ఇల్లు, ఏ జంతువు. పెన్సిలుతోనే రాయాలి, తర్వాత స్పిరిట్ పోసినప్పుడు పెన్ను సిరా కరిగిపోతుంది. మా శాస్త్రంలో చీటీ లేని పిడుదుకు విలువ లేదు. తప్పు చీటీ ఉన్న పిడుదు అంతకంటే అన్యాయం. ఈ మాట నేను పిల్లలకు ప్రాక్టికల్స్‌లో ప్రతి ఏడూ చెబుతాను.

అవ్వ ఇచ్చిన సీసాల్లో మొదటి నెలలోనే తేడా కనిపించింది. బర్రెను పట్టే మామూలు పిడుదు మగదానికి వెనకాల చిన్న తోక ముక్క ఉంటుంది. అవ్వ సీసాలో మగవాటికి అది లేదు. మూతి కింది భాగం ఆకారం చూశాను, కాళ్ల మొదట్లో చీలిక చూశాను, పుస్తకం పక్కన పెట్టుకుని మూడుసార్లు చూశాను. అవి కుక్క పిడుదులు. బర్రె మీద కుక్క పిడుదులు ఒకటీ అరా దొరకడం వింత కాదు. కానీ వారం తర్వాత వారం, ఒకే ఇంట్లో, అన్నీ అవే! పక్క ఇళ్ల బర్రెల సీసాల్లో ఒక్కటీ లేదు.

కారణం కూడా నేనే కనిపెట్టాను. బర్రె పిడుదు పిల్లగా ఎక్కిన పశువు మీదే పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టడానికి మాత్రమే కిందికి దిగుతుంది. కుక్క పిడుదు అట్లా కాదు. కుబుసం విడవాల్సి వచ్చినప్పుడల్లా కిందికి దిగి, గోడ పగుళ్లలో దాక్కుని, మళ్లీ ఎక్కుతుంది. అవ్వ ఇంటి మట్టిగోడకే ఆనించి బర్రె కొట్టం ఉంది. ఆ గోడ పక్కనే కుక్క పడుకుంటుంది. కుక్క మీంచి దిగినవి గోడలో చేరి, అవతలి వైపు బర్రెను ఎక్కుతున్నాయి. ఆ గోడ బొమ్మ గీశాను, పగుళ్లతో సహా. ఎంత బాగా కుదిరింది! ఇన్నేళ్లలో నాకు తట్టిన ఒకే ఒక్క సొంత ఆలోచన అది. మా గైడు ఆ అధ్యాయం చదివి ఫోన్ చేశారు. ఆయన తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఇది నీ థీసిస్‌ను నిలబెడుతుందమ్మా అన్నారు. ఆ రోజు నేను మా అమ్మకు స్వీటు కొనుక్కొచ్చాను.

ఒక తెల్లవారుజామున అక్కడ ఉండి, పాలు పితికేటప్పుడు నా కళ్లతో చూసి ఉంటే సరిపోయేది. ముందురోజు పోయి తండాలో పడుకోవాలి, అంతే. అలసట అని నాకు నేను చెప్పుకున్నాను. అలసట నిజమే. కానీ చూస్తే ఎక్కడ పోతుందోనన్న భయం కూడా ఉండే ఉంటుంది.

గడువుకు మూడు నెలలు ఉందనగా ఒక శుక్రవారం పరీక్షల డ్యూటీ పడింది. సోమవారం వస్తానని అవ్వకు ఫోన్ చేశాను. సోమవారం పోయేసరికి అవ్వ సీసా గట్టు మీద సిద్ధంగా ఉంది, నిండా. ఎప్పుడూ ఇన్ని ఇవ్వలేదు. ఇవాళ బాగా దొరికినయి బిడ్డా అన్నది, హుషారుగా. ఇంటికొచ్చి చూస్తే ఒక్కటంటే ఒక్క కుక్క పిడుదు లేదు. మగవాటన్నిటికీ వెనకాల తోక ముక్క ఉంది. ఎండాకాలం కదా, అందుకేమో అనుకున్నాను. అనుకున్నానే గానీ అన్నం సహించలేదు.

ఆ వచ్చే శుక్రవారం మళ్లీ పోయాను. సీసాలో మళ్లీ కుక్క పిడుదులు. ఇప్పుడు వాటిని మైక్రోస్కోపు లేకుండానే గుర్తుపట్టగలను. గడప దగ్గర నిలబడే అడిగాను.

"అవ్వా, ఇయి బర్రెయేనా?"

"శుక్కురారం నాడు బర్రెయి ఎట్లిస్త బిడ్డా? కొట్టంలకెల్లి గడ్డిపోస సుత బయటికియ్య."

"మరి ఇయి?"

"కుక్కయి. నువ్వు గంత దూరంకెల్లి వస్తివి. ఉత్త సీస ఎట్ల చేతుల పెడ్త?"

ఆమె మాటలో దాచిపెట్టిందేమీ లేదు. ఎప్పుడో ఒక శుక్రవారం ఎవరో చుట్టం అడిగితే పాలు ఇచ్చిందట. ఆ వారమే బర్రె వట్టిపోయిందట, మళ్లీ ఈనేదాకా చుక్క పాలు లేవట. అప్పటినుంచి శుక్రవారం కొట్టంలోది ఏదీ ఇల్లు దాటనివ్వదు. పాలు, పెరుగు, పేడ, ఆఖరికి గోమారు కూడా. గోమారులో ఉన్నది బర్రె నెత్తురే కదా. కుక్కకు ఆ పట్టింపు లేదు. నేను గోమార్లు అడిగాను, ఆమె గోమార్లు ఇచ్చింది. పక్క ఇళ్లవాళ్లకు ఈ పట్టింపు లేదు కాబట్టి వాళ్లు బర్రెలవే ఇచ్చారు. నా గోడ, నా పగుళ్లు, నా నాలుగో అధ్యాయం అన్నీ అక్కడే గడప దగ్గర అయిపోయాయి.

నేను ఓర్పున్న మనిషిని కాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, అన్నాను. "నీ సీసలతోని నా సదువంత ఖరాబైంది అవ్వా."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. సీసాను ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. గోమారికి గోమారికి గంత ఫరక్ ఉంటదా అని అడిగింది. ఉంటుందని చెప్పాను. ఎట్లా ఉంటుందో చెప్పే ఓపిక లేక ఆటో కోసం నడిచాను. అప్పుడు కూడా ఆ కుక్క నా వెనక రోడ్డు దాకా వచ్చింది, ప్రతివారం వచ్చినట్టే.

ఇంటికి వచ్చి మా అమ్మకు చెబితే జాలిపడుతుందనుకున్నాను. మా అమ్మ చెరగడం ఆపి చేట పక్కన పెట్టింది. "ఆమె చేసిందాంట్ల తప్పేముంది? నువ్వు శుక్కురారం పోవుడే తప్పు." అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. నేను పుట్టి పెరిగిన ఇంట్లో శుక్రవారం పక్కింటివాళ్లు పెరుగు తోడుకు వస్తే, మా అమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి రేపు పొద్దున రమ్మని పంపేది. చిన్నప్పుడు ఆ మాట వాళ్లకు చెప్పి వెనక్కి పంపింది ఎన్నోసార్లు నేనే. అన్ని శుక్రవారాలు ఒక పాడి ఉన్న గడప దగ్గర చేయి చాపి నిలబడ్డాను, ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. పిడుదు కాలి మొదట్లో చీలిక ఎంత లోతుందో చూసే కళ్లకు మా ఇంటి ఆచారమే కనబడలేదు.

గైడుకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన మెల్లగా, ఒక్క ఇంటి సంగతే కదా, కుక్కా బర్రే ఒకే చోట ఉండే మాట నిజమే కదా, గార్ల దాకా పోయి ఎవరు చూస్తారమ్మా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనా అలసిపోయారు, నన్ను మోసీ మోసీ. నాలుగో అధ్యాయం లేకపోతే సంతకం పెట్టలేనని కూడా చెప్పారు. మూడు అధ్యాయాల థీసిస్ పంపితే వెనక్కి వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆలోచించుకుంటానని ఫోన్ పెట్టేశాను. నిజంగానే ఆలోచించాను. పీహెచ్‌డీ చేతికి వస్తే చాలు అన్న స్థితికి ఎప్పుడో వచ్చేశాను. చీటీల్లో బర్రె అని రాసి ఉంది, నా చేతి రాతే. అవి అట్లాగే ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ తర్వాతి శుక్రవారం తండాకు పోవాల్సిన పని లేదు. అయినా పోయాను. అన్న మాట వెనక్కి తీసుకుందామని పోయానని అనుకుంటాను.

అవ్వ గడప లోపల కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి లోపలికి పోయి సీసా తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు. గడప బయట నేల మీద పెట్టి, మళ్లీ లోపలికి జరిగి కూర్చుంది.

"ఇయాల బర్రెయే. నా చేతులతోని తీసిన," అన్నది. "నేనియ్యలే. నువ్వే తీస్కో."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. వద్దు అవ్వా, రేపు వచ్చి తీసుకుంటా అనాలి. మనిషన్నవాళ్లు ఆ మాట అనాలి. నేను వంగి సీసా తీసుకున్నాను. ఆమె మనసు నొచ్చుకుంటుందని తీసుకున్నానని చాలా రోజులు చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. ఇన్నాళ్లూ నాకు అందింది కుక్క పిడుదులే కావచ్చు. అంతమాత్రాన బర్రె మీద అవి లేవని కాదు కదా? గోడ నిజమే, పగుళ్లు నిజమే. ఈ సీసాలో ఒక్క కుక్క పిడుదు ఉన్నా నా అధ్యాయం కొంతైనా బతుకుతుంది. ఆ ఒక్కదాని మీద ఆశతో తీసుకున్నాను. రైల్లో అంత దూరం సీసాను గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను.

లేదు. ఒక్కటి కూడా లేదు. ఒక్కొక్కదాన్ని తిరగేసి చూశాను, పిల్లవాటిని కూడా. అన్నీ బర్రెవే. చీటీ రాశాను: ఊరు, ఇల్లు, శుక్రవారం, బర్రె. అన్ని శుక్రవారాల్లో ఆ ఇంటి సీసాలో సరైన చీటీ అదొక్కటే. ఆ తర్వాత ఆ ఇంటి పాత శుక్రవారం సీసాలన్నీ బయటికి తీసి, చీటీలు ఒక్కొక్కటే పట్టకారుతో లాగి, బర్రె అన్న మాట కొట్టేసి కుక్క అని రాశాను. స్పిరిట్‌లో నానిన కాగితం మీద రబ్బరు పనిచేయదు, కొట్టేయడమే దారి. రెండు రోజులు పట్టింది. గైడుకు ఫోన్ చేసి నాలుగోది తీసేశానని చెప్పాను. ఆయన సరేనమ్మా అన్నారు. గడువు తేదీ ఒక మామూలు పనిరోజున వచ్చింది. ఆ రోజు నాకు మూడు క్లాసులు ఉన్నాయి, మూడూ చెప్పాను. కొన్నాళ్లకు రద్దు ఉత్తరం వచ్చింది. దాన్ని కూడా మైక్రోస్కోపు డబ్బాలోనే పెట్టాను.

ఆ ఉత్తరం వచ్చాక తండాకు మళ్లీ పోవడానికి నెల పైనే పట్టింది. ఒక సెలవు రోజు, సోమవారం. చేతిలో సీసాలు లేకుండా ఆ రోడ్డు మీద నడవడం కొత్తగా ఉంది. కుక్క ఎదురొచ్చింది. అవ్వ కూర్చోమని చాప వేసి, పొయ్యి రాజేసి చాయ్ పెట్టింది. ఎప్పుడూ చిక్కటి పాలతో గ్లాసు నిండా ఇచ్చేది. ఆ రోజు ఇచ్చింది నల్లటి డికాషన్, పైన ఇంత చక్కెర.

నేను గ్లాసులోకి చూశాను. బర్రె వట్టిపోయింది బిడ్డా అని ఆమే చెప్పింది. ఎప్పటినుంచి అని అడిగే ధైర్యం నాకు లేదు.

కొట్టంలో బర్రె కట్టేసి ఉంది. కడుపు బరువుగా దిగి ఉంది. నేను జువాలజీ చదివినదాన్ని. సూడి బర్రె ఎనిమిదో నెలలో వట్టిపోతుందని, దానికీ సీసాకూ ఏ సంబంధం లేదని నాకు తెలుసు. ఆ మాట ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పకపోతే నేను బతకలేననిపించింది.

"ఎనిమిదో నెల గదా అవ్వా. వట్టిపోయే యాళ్లనే."

ఆమె కొంచెంసేపు పొయ్యిలో కట్టెలు సర్దింది. బర్రె వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"అవు బిడ్డా," అన్నది. "నెలలు పడ్డయ్ గదా. గందుకే."

ఆమె ఆ మాటను నమ్మలేదు. నేను అంత దూరం నుంచి వచ్చి ఏది అడుగుతున్నానో చూసి, అదే ఇచ్చింది, ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక. నేను దాన్ని కూడా తీసుకున్నాను, చాయ్ తాగి గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.